సముద్రశ్రవణం: నిశ్శబ్దమనే అధ్యాస తొలగిన చరిత్ర

పంచభూత ప్రక్రియను వివరించే వేదాంతగ్రంథాలు జలానికి శబ్దం, స్పర్శ, రూపం, రసం అనే నాలుగు గుణాలను చెబుతాయి. ఆకాశగుణమైన శబ్దం వాయువు, అగ్నుల మీదుగా కారణపరంపరచే జలానికి సంక్రమించినదే గాని వెలుపలి నుండి వచ్చి చేరినది కాదు. అయినప్పటికీ ఆధునిక మానవుడు చిరకాలం సముద్రగర్భాన్ని మౌనలోకంగానే భావించాడు. 1956లో జాక్ కూస్తో, లూయీ మాల్ రూపొందించిన ప్రసిద్ధ సముద్రచిత్రానికి ‘నిశ్శబ్ద ప్రపంచం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

ఈ భ్రాంతికి కారణం సముద్రంలో లేదు. శ్రోత చెవిలో ఉన్నది. మానవ శ్రోత్రం గాలిలో వినడానికి ఏర్పడినది. సముద్రజలంలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో, అనగా గాలిలో కంటె నాలుగు రెట్లకు పైగా వేగంతో పయనిస్తుంది. కాని నీటి ఉపరితలాన్ని తాకగానే అందులో అధికభాగం తిరిగి లోపలికే ప్రతిఫలిస్తుంది. అందువలన తీరాన నిలిచినవానికి అలల ఘోషయే గాని లోతుల నాదం అందదు. తన ఇంద్రియ పరిమితిని వస్తుధర్మంగా ఆరోపించుకొనడం అధ్యాసకు చక్కని దృష్టాంతం.

ఆ తెర విచిత్రంగా యుద్ధయంత్రం వలన తొలగింది. శత్రువుల జలాంతర్గాముల జాడ కనిపెట్టడానికి నీటిలో దింపే హైడ్రోఫోన్లను నౌకాదళాలు అభివృద్ధి చేశాయి. బెర్ముడా ద్వీపంలో అమెరికా నౌకాదళం కోసం పనిచేసిన ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్ చెవికి వాటి ద్వారా హంప్‌బ్యాక్ తిమింగలాల స్వరాలు వినబడ్డాయి. ఆయన వాటిని టేపులలో భద్రపరచాడు. 1967లో జీవశాస్త్రజ్ఞుడు రోజర్ పేన్, సంగీతం అభ్యసించిన ఆయన భార్య కేటీ పేన్ ఆ టేపులను విన్నారు. అనంతరం రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే ఆ ధ్వనులు యాదృచ్ఛికాలు కావనీ, 7 నుండి 30 నిమిషాల పాటు సాగి మరల మొదటి నుండి ఆవృత్తమయ్యే గీతాలనీ నిరూపించి 1971లో ప్రకటించారు.

అంతకు ముందే, 1970లో, ఆ గీతాలు గ్రామఫోను రికార్డుగా వెలువడ్డాయి. అది తిమింగలాల వేట వాణిజ్యంగా సాగుతున్న కాలం. చమురుగా, మాంసంగా లెక్కింపబడిన ప్రాణిని జనం మొదటిసారి గాయకునిగా విన్నారు. అదే సంవత్సరం అలన్ హోవనెస్ ఆ గీతాలను వాద్యబృందంతో మేళవించాడు. 1971లో జార్జ్ క్రంబ్ వేణువు, చెల్లో, పియానోలకు ఒక కృతిని రచించి, వాద్యకారులు ముఖాలకు ముసుగు ధరించాలని నిర్దేశించాడు. మానవ వ్యక్తిత్వాన్ని మరుగుపరచి ప్రకృతిశక్తిని ముందు నిలపడమే దాని ఉద్దేశం. వేటను వ్యతిరేకించే ఉద్యమానికి ఈ గానమే స్వరమైంది. 1982లో అంతర్జాతీయ తిమింగల సంఘం వాణిజ్యవేటను నిలిపివేయాలని నిర్ణయించింది.

తరువాతి కళాకారుల శ్రవణం మహాకాయాల నుండి చిరుప్రాణుల వరకు సాగింది. 1989లో కెనడాకు చెందిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్, వాంకూవర్ తీరాన రాళ్లను అంటిపెట్టుకొని జీవించే బార్నకిల్స్ అనే చిరుప్రాణుల చిటపటలను ఒక కృతిలో వినిపించింది. వాటి వెనుక నగరఘోష ఎడతెగక మ్రోగుతూనే ఉంటుంది. స్టూడియోలో ఆ ఘోషను తొలగించగలనని చెప్పి, తొలగించి చూపుతుంది కూడా. యంత్రంతో అణచిన ఘోష తీరంలో అణగదని శ్రోతకు అప్పుడే స్ఫురిస్తుంది. నార్వే కళాకారిణి యానా విండెరెన్ బారెంట్స్ సముద్రంలోనూ గ్రీన్‌లాండ్ ప్రాంతంలోనూ హైడ్రోఫోన్లు దింపి మత్స్యాల, మంచు ధ్వనులను సేకరించి 2010లో వెలువరించింది.

ఇంతగా విన్న చెవికి చివరకు వినబడినది మానవుని రొదయే. ఓడల యంత్రాల మంద్రధ్వని, మహాతిమింగలాలు పరస్పరం పిలుచుకొనే మంద్రస్థాయినే ఆక్రమిస్తున్నది. 2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గాయి. నీటిలో రొద తగ్గింది. ఆ రోజులలో అక్కడి రైట్ తిమింగలాల శరీరంలో ఒత్తిడిని సూచించే హార్మోన్లు కూడా తగ్గినట్లు శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు. మనుష్యులు విషాదంలో మునిగిన దినాలలో ఆ ప్రాణులకు కొంత ఊరట లభించింది.

శ్రుతివాక్య శ్రవణం వేరు, సముద్రధ్వని శ్రవణం వేరు. అయినను శ్రవణం మననంగా పరిణమించవలెననే క్రమం రెండింటికీ వర్తిస్తుంది. తిమింగల గీతాన్ని నిద్రకు ముందు వినే మధురధ్వనిగా మాత్రమే స్వీకరిస్తే అది ఇంద్రియభోగంగా ముగుస్తుంది. ఆ గీతాన్ని కప్పివేస్తున్న రొదలో తన వంతు ఎంత అని శ్రోత విచారించినప్పుడు మననం ఆరంభమవుతుంది. దూరదేశాల నుండి ఓడలలో తన ఇంటికి చేరే ప్రతి వస్తువూ ఆ విచారణకు విషయమే.