పసుపు ఎవరి సొత్తు?

హర్యానాలోని ఫర్మానాలో హరప్పా కాలపు వంటకుండల్లోనూ మనుషుల పళ్ళ మీదా పసుపు ఆనవాళ్ళు దొరికాయి. అంటే ఈ దుంపతో మన సహవాసం నాలుగు వేల ఏళ్ళు దాటిందన్నమాట. విష్ణువుకు పీతాంబరం కట్టాం, గడపకు పసుపు రాశాం, కొత్తబట్ట కొసకు పసుపు పెట్టి గాని ఒంటిమీద వేసుకోలేదు. ఇదే రంగును చైనాలో చింగ్ చక్రవర్తులు తమకే దఖలు చేసుకున్నారు. 1941లో నాజీ జర్మనీ యూదుల చొక్కాల మీద పసుపు నక్షత్రం కుట్టించింది. ఒక రంగు గౌరవమో అవమానమో తేల్చేది దాన్ని పంచేవాళ్ళే.

బట్టల రంగుగా పసుపు గట్టిది కాదు. నూలుకు ఇట్టే పట్టుకుంటుంది, ఎండ తగిలితే అంతే తొందరగా వెలిసిపోతుంది. అందుకే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు పసుపు వన్నె కోసం కరక్కాయ పువ్వును నమ్ముకున్నారు. అసలు పసుపు బట్ట మీద నిలవలేక ఒంటిమీద స్థిరపడింది. నిలవని రంగు గనుకే రోజూ రాసుకోవాలి. రోజూ రాసుకునేది కాబట్టే ఆచారమైంది. సున్నం కలిస్తే అదే ఎర్రబడుతుంది. కుంకుమ, పారాణి, దిష్టితీసే ఎర్రనీళ్ళు అన్నీ ఆ ఒక్క దుంప నుంచే. నలుగు, వాయనం, మెడలో పసుపుతాడు: తెలుగింటి శుభమంతా దానిచుట్టూ అల్లుకుంది.

ఆ శుభానికి కంచె కట్టిందీ మనమే. భర్త పోయిన పదోనాడు భార్య దగ్గర నుంచి పసుపు కుంకుమలు లాగేసుకున్నాం. పసిప్రాయంలో పెళ్ళయి, మొగుడి ముఖం సరిగ్గా ఎరగని పిల్లలకూ ఇదే శిక్ష. ఇంతకంటే క్రూరమైన వస్త్రనియమం మన చరిత్రలో లేదని నా నమ్మకం. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రాడు తొలి కృత్రిమ అద్దకపు రంగు తయారుచేశాడు; అదే ఏడాది మన దేశంలో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కృత్రిమ రంగులు కొన్ని దశాబ్దాల్లోనే బజార్లను ముంచెత్తాయి. చట్టం మాత్రం రాజమండ్రిలో గడప దాటడానికి పాతికేళ్ళు పట్టింది. 1881 డిసెంబరు 11న సంఘసంస్కర్త వీరేశలింగం ఊరి బహిష్కారాలను, పురోహితుల నిరాకరణను ఎదిరించి తొలి వితంతు వివాహం జరిపించారు. ఒక ఆడపిల్ల ఒంటికి పసుపు తిరిగొచ్చిన ఆ రోజును మన రంగుల చరిత్రలో అన్నిటికంటే పైన రాసుకోవాలి.

ఇక ప్రయోగశాలల సంగతి. 1815లో వోగెల్, పెలెటియర్‌లు పసుపులోని రంగుపదార్థాన్ని వేరుచేశారు. అదే కర్క్యుమిన్. 1995లో అమెరికా, గాయాలు మాన్పే పసుపు గుణం మీద పేటెంటు ఇచ్చింది. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలు చూపించి పోరాడాక 1997లో అది రద్దయింది. గర్వించదగిన గెలుపే. కానీ ఆ తర్వాత బజారులోకి దిగిన కర్క్యుమిన్ మాత్రల గొప్పలన్నీ నమ్మనక్కర్లేదు. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదనీ, మందుగా పనిచేస్తుందని గట్టి రుజువు లేదనీ 2017లో రసాయన శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది. అంతకన్నా భయపెట్టేది కల్తీ. కొమ్ములు మెరవాలని పూసే లెడ్ క్రోమేటులోని సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ పసుపు బోర్డు ధరతోపాటు ఈ విషం సంగతీ పట్టించుకోవాలి.

ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో నలుగు కాస్తా హల్దీ అయింది. బంతిపూల పందిరి, పసుపుపచ్చ లెహంగాలు, కుర్తాలు, ఫోటోలు. ఆ సందడి నాకు ఇష్టమే. మగపిల్లలూ ఒళ్ళంతా పసుపు పూసుకుని నవ్వుతుంటే ముచ్చటేస్తుంది. అయినా ఎన్నో ఇళ్ళలో, భర్త లేని తల్లి కన్నకూతురికి నలుగు పెట్టకుండా పక్కకు తప్పుకుంటూనే ఉంది. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ, బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం లాంటి వైధవ్య ఆచారాలను ఆపేస్తూ తీర్మానం చేసింది. అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అదే దారిన నడవమంది. పసుపు పండించే మన ఆర్మూరు, దుగ్గిరాల చుట్టుపక్కల పంచాయతీలు కూడా అలాంటి తీర్మానం చేస్తే చూడాలని నా కోరిక.