దీన్ దయాళ్ ఉద్యోగం ఎప్పుడు మానేశాడు?

రెజిమెంటల్ బజార్ మీదుగా సికింద్రాబాద్ స్టేషన్‌కి నడుస్తుంటే ఆ పేరే సగం చరిత్ర చెప్పేస్తుంది. రెజిమెంట్లున్న చోట బజారు పుట్టింది. 1806లో ఇక్కడ కంటోన్మెంట్ వెలిసింది, 1874లో రైలొచ్చింది. పటాలం అంటే నెలనెలా జీతాలందుకునే జనం. బియ్యం, బట్టలమ్మేవాళ్ళకి ఈ సంగతి వెంటనే అర్థమైంది. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ఇంజనీరుకి కూడా అర్థమైంది. ఆయనే లాలా దీన్ దయాళ్.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పీడబ్ల్యూడీలో చేరాడు. ఎస్టిమేట్లు వెయ్యడం, డ్రాయింగులు గియ్యడం పని. అంటే మనలాంటి ఉద్యోగే! 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. పట్టగానే ఉద్యోగం మానెయ్యలేదండోయ్. పదేళ్ళకి పైగా రెండూ నడిపాడు. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొర వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్ళు ఫొటోలు తీశాడు. 1885లో వైస్రాయ్‌కి ఫొటోగ్రాఫర్ అయ్యాడు. అప్పుడు కూడా ముందు రెండేళ్ళు సెలవు పెట్టాడు, రాజీనామా ఆ తర్వాతే. "రిస్క్ తీసుకోవాలి బాస్" అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ ముక్క ఎందుకో చెప్పరు.

రెండో సంగతి, దుకాణం ఎక్కడ పెట్టాలి? 1886 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఒక పక్క ఇంటికి ఫొటో పంపుకోవాలనుకునే తెల్ల ఆఫీసర్లు, ఇంకో పక్క నిజాం దర్బారు, నవాబులు. ఒక బేరం తగ్గినా రెండోది ఆదుకుంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకి 'రాజా' బిరుదిచ్చాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1892లో హైదరాబాద్‌లో పెట్టిన జనానా స్టూడియో. పరదా పాటించే ఆడవాళ్ళు మగాడి కెమెరా ముందుకి రారు. 'ఈ బేరం మనకి లేదులే' అని మిగతావాళ్ళు వదిలేసిన చోట ఆయన ఒక ఇంగ్లీషు మహిళని పెట్టి, ఆడవాళ్ళ కోసం వేరే స్టూడియో నడిపించాడు. గిరాకీ ఉంది, అడ్డం ఉన్నది పద్ధతి. పద్ధతిని తిట్టుకుంటూ కూర్చోకుండా దానికి తగ్గట్టు దుకాణాన్నే మార్చాడు.

1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో, 1897లో విక్టోరియా రాణి నుంచి గుర్తింపు. అక్కడికి కథ ఆపేస్తే బావుంటుంది, కానీ నిజం అక్కడ ఆగలేదు. 1900లో అమెరికాలో ఒక్క డాలరుకి బ్రౌనీ కెమెరా వచ్చింది. ఫొటో తియ్యడానికి ఇక ఇంజనీరు అక్కర్లేదు. 1904లో కొడుకు ధరమ్ చంద్ పోయాడు, 1905లో ఆయనా పోయాడు. ఇంకో కొడుకు జ్ఞాన్ చంద్ నడిపించాడు గానీ ఆ వైభవం తిరిగి రాలేదు.

మరి మిగిలిందేమిటి? గాజు పలకలు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్న నెగటివ్‌లే 2,857. ఈ రోజు ఆనాటి హైదరాబాద్ ఎలా ఉండేదో చూడాలంటే అవే దిక్కు. కస్టమర్ డబ్బులిచ్చి ప్రింటు పట్టుకెళ్ళాక కూడా పలకల్ని దాచిపెట్టినందుకే కదా మనకి దక్కాయి!

అందుకే నాకు ఆయన కథలో సంపాదన కన్నా ఓపిక పెద్దగా కనబడుతుంది. రేపే రిజైన్ చేద్దామనుకుంటున్న మిత్రులారా, ముందు మీ 1874 ఎప్పుడో చూసుకోండి. 1885 సంగతి తర్వాత.