సోమా ఎఫ్.ఎం.

సోమా ఎఫ్.ఎం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరము నుండి ఇంటర్నెట్ ద్వారా మాత్రమే ప్రసారమయ్యే స్వతంత్ర సంగీత రేడియో. ఇందులో వాణిజ్య ప్రకటనలు ఉండవు. శ్రోతలు ఇచ్చే విరాళాలే దీనికి ఆధారము.

పేరు

శాన్ ఫ్రాన్సిస్కోలో మార్కెట్ వీధికి దక్షిణాన ఉన్న ప్రాంతమును సంక్షిప్తముగా 'సోమా' అని పిలుస్తారు. ఆల్డస్ హక్స్‌లీ నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్' లోని మత్తుమందు పేరు కూడా సోమా. వేదాలలోని సోమరసము పేరునే హక్స్‌లీ ఆ మందుకు పెట్టాడు.

చరిత్ర

అమెరికాలో 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము, దేశవ్యాప్తముగా ఒక సంస్థకు ఎన్ని రేడియో కేంద్రాలు ఉండవచ్చునన్న పరిమితిని తొలగించినది. కొద్ది సంవత్సరాలలోనే క్లియర్ ఛానెల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి 1,200కు పైగా కేంద్రాలు చేరాయి. ఈ కాలములోనే, 1999లో, రస్టీ హాడ్జ్ నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవములో తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్‌తో సంగీతమును ప్రసారము చేశాడు. దానికి లభించిన ఆదరణతో 2000 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ ప్రసారాలు మొదలయ్యాయి.

ఖర్చు పెరిగే తీరు

ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ పరిధిలో పది మంది విన్నా, పది వేల మంది విన్నా ప్రసారపు ఖర్చు మారదు. ఇంటర్నెట్ రేడియోలో సర్వర్ నుండి ఒక్కొక్క శ్రోతకు విడివిడిగా ధ్వని ప్రవాహము పంపవలసి ఉంటుంది. కనుక శ్రోతలు పెరిగిన కొద్దీ ఖర్చు కూడా పెరుగుతుంది.

రాయల్టీ వివాదము

అమెరికాలో ఎఫ్.ఎం. కేంద్రాలు పాట రచయితకు, స్వరకర్తకు రాయల్టీ చెల్లిస్తాయి. రికార్డింగు హక్కుదారులకు, గాయకులకు చెల్లించనవసరము లేదు. ఇంటర్నెట్ రేడియోలు మాత్రము ఇరువర్గాలకూ చెల్లించాలి. 2002 జూన్ 20న రికార్డింగు రాయల్టీ ఒక పాటకు, ఒక శ్రోతకు 0.07 సెంట్లుగా నిర్ణయమైనది. గంటకు 15 పాటల చొప్పున నిరంతరము 1,000 మంది వింటే ఇది రోజుకు 252 డాలర్లు, సంవత్సరానికి సుమారు 92,000 డాలర్లు అవుతుంది. పైగా ఈ రేటు 1998 అక్టోబరు నుండి వర్తించినది. ఈ భారము మోయలేక సోమా ఎఫ్.ఎం. ఆ నెలలోనే ప్రసారాలు నిలిపివేసినది.

ఈ సొమ్ములో సగము రికార్డింగు హక్కుదారులకు, మిగిలిన సగము గాయకులకు, వాద్యకారులకు చెందుతుంది. కనుక రాయల్టీ న్యాయమైనదే అన్న వాదనకూ బలమున్నది. అసలు వివాదము రాయల్టీ ఇవ్వాలా వద్దా అన్నదానికన్నా, ఆదాయముతో సంబంధము లేని రేటు గురించినది. ఆదాయములో గానీ ఖర్చులో గానీ కొంత శాతము చెల్లించే వీలును చిన్న కేంద్రాలకు కల్పిస్తూ 2002లోనే చట్టము వచ్చినది. ఆ సంవత్సరము చివరలో సోమా ఎఫ్.ఎం. తిరిగి ప్రారంభమైనది.

2007లో రేట్లు మరల పెరిగినప్పుడు, జూన్ 26న అనేక ఇంటర్నెట్ రేడియోలతో పాటు ఇది కూడా 'మౌన దినము' పాటించినది. చిన్న కేంద్రాలకు 2009లో కుదిరిన ప్రత్యేక ఒప్పందము 2015తో ముగిసినది. అటువంటి కేంద్రాలకు వేదికగా ఉన్న లైవ్365 2016 జనవరి 31న మూతపడి, 2017లో కొత్త యాజమాన్యములో తిరిగి తెరుచుకున్నది.

ఛానెళ్ళు

సోమా ఎఫ్.ఎం.లో ముప్పైకి పైగా ఛానెళ్ళు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

గ్రూవ్ సలాడ్ – నెమ్మదైన లయ గల ఎలక్ట్రానిక్ సంగీతము

డ్రోన్ జోన్ – లయ దాదాపు లేని, దీర్ఘస్వరాల సంగీతము

సీక్రెట్ ఏజెంట్ – గూఢచారి చిత్రాల ధోరణిలోని సంగీతము

మిషన్ కంట్రోల్ – నాసా వ్యోమగాముల సంభాషణలను నేపథ్య సంగీతముతో కలిపినది

వీటిలోని పాటలను ఎంపిక చేసేది మనుషులే. ప్రకటనదారుల కొరకు అధిక సంఖ్యాకులను ఆకర్షించవలసిన అవసరము లేనందున, కొద్దిమందికే నచ్చే సంగీతమునకు కూడా ఇక్కడ ఒక పూర్తి ఛానెల్ దక్కుతున్నది.