ఆకాశం నుంచి వచ్చిన మాట

మా గాంధారిలో గట్టి వాన పడితే నెట్ పోతుంది. తండాల వైపు వెళ్తే వాన లేకపోయినా సిగ్నల్ అంతంతే. అందుకే శాటిలైట్ ఇంటర్నెట్ వార్తలు చదివితే ఆశ పుడుతుంది. అయితే ఆకాశం నుంచి పల్లెకు మాట దిగడం ఇది మొదటిసారి కాదండీ.

1975 ఆగస్టు 1న ఇస్రో 'సైట్' ప్రయోగం మొదలుపెట్టింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలు. కోళ్ళగూటికి కొట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, ఊరందరికీ ఒకే టీవీ. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. మనకు తెలుగులోనే! కానీ సాయంత్రం ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు కదా. ఆ వేళ పెట్టినవాళ్ళు ఎప్పుడూ వంట చేసి ఉండరు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది.

బడులు మూసిన 2020లో, సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. మా చిన్నోడు లెక్కల మధ్యలో చెయ్యెత్తాడు. టీవీలో టీచరమ్మకు కనపడదు కదా! నాకేమో ఆ లెక్క రాదు.

నా దృష్టిలో శాటిలైట్ ఇంటర్నెట్ అసలు లాభం తిరిగి అడగగలగడమే. తండాలో బాలింత అర్ధరాత్రి బిడ్డను వీడియోలో డాక్టరమ్మకు చూపించొచ్చు. పాత ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. ఇప్పటివి కొన్ని 550 దగ్గరే తిరుగుతాయి, కాబట్టి మాటకు మాట త్వరగా అందుతుంది. ఇంటింటికీ డిష్ కొనడం కష్టం. 1975లోలాగా ఊరికొకటి పెట్టొచ్చు. ఈసారి అంగన్‌వాడీలో, మనకు తీరికుండే మధ్యాహ్నం పూట.