'అద్భుత వరి'లో అద్భుతమేమీ లేదు

సూరత్ నుంచి బార్డోలీ వైపు వెళితే చెరుకుతోటలు, ఓల్పాడ్ వైపు వెళితే వరిచేలు కనిపిస్తాయి. లింబాయత్‌లో మరమగ్గం నడిపే తెలంగాణ మిత్రుడొకడు బస్సులో నన్ను అడిగాడు: "అన్నా, గదే ఎండ, గదే కాలువ నీళ్లు. చెరుకు గంత ఏపుగ పెరుగుతది, వరి ఎందుకు పెరగదు?" పక్క సీటు పెద్దాయన "అంతా భగవంతుడి లీల" అని తేల్చేశాడు. ఆ జవాబుతో ప్రశ్న చచ్చిపోతుంది. కాని ఇది ఆకలికి సంబంధించిన ప్రశ్న. అలా చావనివ్వకూడదు.

1966లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి లోకమంతా విన్నది, రెండోది శాస్త్రజ్ఞులు మాత్రమే విన్నది.

మొదటిది ఐఆర్8. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన వంగడం ఇది. ఇండోనేషియాకు చెందిన పొడవాటి 'పేటా'కు, తైవాన్‌కు చెందిన పొట్టి 'డీ-జియో-వూ-జెన్'కు 1962లో చేసిన సంకరం నుంచి వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లోనే దీన్ని పండించి 'మిస్టర్ ఐఆర్8' అనిపించుకున్నారు. పత్రికలు దీనికి 'అద్భుత వరి' అని పేరు పెట్టాయి.

అయితే అందులో అద్భుతం ఏముంది? పాత పొడుగు రకాలకు ఎరువు వేస్తే గడ్డి పెరిగి, వెన్ను బరువుకు చేను పడిపోయేది. పొట్టి రకం పడిపోలేదు. నిటారుగా ఉన్న ఆకుల మధ్య నుంచి ఎండ కింది ఆకులకూ అందింది. పాత రకాల్లో మొక్క బరువులో మూడో వంతు గింజకు వెళితే, ఇందులో దాదాపు సగం వెళ్లింది. అంటే ఆకు చేసే పని, కిరణజన్య సంయోగక్రియ, ఏమీ మారలేదు. ఆకు సంపాదించినదాని పంపకం మారింది, అంతే. పైగా దీనికి నీళ్లూ ఎరువులూ కావాలి, తెగుళ్లూ దోమా తగులుకున్నాయి, అన్నం చల్లారితే గట్టిపడేది. దేవుడిచ్చిన వరానికి ఇన్ని లోపాలు ఉండకూడదు. మనుషులు చేసింది కాబట్టే ఉన్నాయి, కాబట్టే సరిదిద్దగలిగారు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి రుచిలో ఆ లోటు తీర్చింది.

రెండో సంగతి చెరుకుది. 1965లో హవాయిలో కోర్ట్‌షాక్ బృందం, 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ చెరుకు ఆకు రహస్యాన్ని బయటపెట్టారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే రుబిస్కో అనే ఎంజైముకు ఒక బలహీనత ఉంది. దాని బదులు ఒక్కోసారి ప్రాణవాయువును పట్టుకుంటుంది. వరి ఆకులో సుమారు నాలుగు సార్లకు ఒకసారి ఇలా జరిగి శ్రమ వృథా అవుతుంది. ఎండ ముదిరితే ఇది ఇంకా ఎక్కువ. చెరుకు మాత్రం ఆ వాయువును ముందు ఒక రకం కణాల్లో నాలుగు కర్బనాల పదార్థంగా మార్చి, లోపలి కణాల్లో ఉన్న రుబిస్కో చుట్టూ గుప్పిస్తుంది. ఇక పొరపాటుకు చోటు తక్కువ. మన జొన్న, సజ్జ, మొక్కజొన్నలదీ ఇదే పద్ధతి. చెరుకు ఏడాదిపాటు పొలంలో ఉంటుంది, వరి నాలుగైదు నెలలే. ఆ తేడా తీసేసినా ఆకు పనితనంలో తేడా మిగులుతుంది. నా మిత్రుడి ప్రశ్నకు జవాబు ఇదీ.

మరి వరికి ఆ పద్ధతి నేర్పలేమా? 1999లో ఆ ఫిలిప్పీన్స్ సంస్థలోనే దీనిపై సదస్సు జరిగింది. 2008లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 'సి4 వరి' పథకం మొదలైంది. దిగుబడి సగం వరకు పెరగవచ్చని ఆశ. ఆకు నిర్మాణాన్నే మార్చాలి కాబట్టి అలాంటి వరి ఇంకా రైతు పొలానికి రాలేదు. 2022లో అమెరికా పరిశోధకులు సోయా చిక్కుడులో ఆకు పనితీరు మార్చి ఒక ఏడాది మంచి దిగుబడి చూపారు. మరో ఏడాది చేను పడిపోయి తేడా కనిపించలేదు. దాన్ని వాళ్లే తమ వ్యాసంలో రాశారు. ఏ బాబా అయినా ఫలించని తన మహిమను ఇలా ప్రకటించాడా?

మన వైపునా ఇదే కొలబద్ద పట్టుకోవాలి. 2025 మే నెలలో సాంబమసూరి జన్యువును సవరించి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన 'కమల'ను కేంద్రమంత్రి ప్రకటించారు. వెన్నులో గింజల సంఖ్య పెంచి 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందన్నారు. ఆ అంకెలను ప్రశ్నించినవారూ ఉన్నారు. ఎన్ని చోట్ల, ఎన్ని సీజన్లు, దేనితో పోల్చారు అని అడగడం దేశద్రోహం కాదు. అలాగే, జన్యువు అనగానే విషం అని అరవడం హేతువాదమూ కాదు.

చివరిగా ఒక మాట. 1943 బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్యసేన్ 1981లో చెప్పింది ఏమిటంటే, తిండి ఉండటం వేరు, అది మనిషికి దక్కడం వేరు. మా మిత్రుడికి ఊళ్లో రేషన్ కార్డు ఉంది. సూరత్‌లో అది చెల్లేది కాదు, కాబట్టి బియ్యం బజారు ధరకే కొన్నాడు. 2019 ఆగస్టులో కార్డుల అనుసంధానం మొదలైనప్పుడు తెలంగాణకు ఆంధ్రప్రదేశ్‌తో, గుజరాత్‌కు మహారాష్ట్రతో మాత్రమే లంకె కుదిరింది. 2020 జనవరిలో గాని ఈ నాలుగూ ఒకే వ్యవస్థలోకి రాలేదు. అదీ కేంద్ర ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డులకే. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు నేటికీ పొలిమేర దాటదు.

కాబట్టి సి4 వరి రావాలి, దానికోసం పరిశోధన సాగాలి. భూమి పెరగదు, నీళ్లు పెరగవు, ఎండలు మాత్రం పెరుగుతున్నాయి. కాని అది వచ్చేదాకా ఆకలి ఆగదు. ఆకులో లోపాన్ని సరిదిద్దడానికి దశాబ్దాలు పడుతుంది. కార్డులో లోపాన్ని సరిదిద్దడానికి అంతకాలం ఎందుకు పట్టాలి? మంత్రాలకు చింతకాయలు రాలవని మనమే అంటాం. పరిశోధనశాల వైపు చేతులు జోడించి కూర్చున్నా రాలవు.