వెలి

‘వెలి’ అంటే బయట. అంతే. మన ‘వెలుపల’లోనూ, తమిళుల ‘వెళి’లోనూ ఉన్నది ఇదే. చోటు చెప్పే ఈ చిన్న మాటకు ‘వేయు’ తగిలేసరికి శిక్ష అయింది. ‘వాడ’ చేరితే ఊరి బయటికి నెట్టిన దళితుల ఇళ్లయింది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన చేతుల మీదుగా తొలి వితంతు వివాహం జరిపించారు. చట్టం 1856లోనే ఒప్పుకున్న పెళ్లి అది. ఊరి పెద్దలు ఒప్పుకోలేదు, సాయపడ్డవారిని వెలివేశారు. ఒక బాలవితంతువు మళ్లీ పసుపుతాడు కట్టించుకుంటే ఎవరికి నష్టం? అయినా అదే తప్పయింది. ఆమె ఒంటరి బతుకు మాత్రం ఎవరికీ తప్పుగా తోచలేదు.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి పంపేసిన దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకున్నారు. దానికి వాళ్లే పెట్టుకున్న పేరు ‘వెలివాడ’.