మనోలోకి ఇంకో ఏడాది ఇద్దామా?

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆఖరి విజిల్ మోగేసరికి రాత్రి తొమ్మిదిన్నర కావస్తోంది. 2024 నవంబర్ 18, సోమవారం. బోర్డు మీద ఇండియా 1, మలేషియా 1. మన వరుసలో ఒకరిద్దరు లేచి ఒళ్ళు విరుచుకుంటున్నారు. ఒకాయన ఖాళీ నీళ్ళ సీసాను కాళ్ళ మధ్య దొర్లిస్తూ కూర్చున్నాడు. చలి మొదలైంది.

ఇది అథ్లెటిక్స్‌కు కట్టిన స్టేడియం. జనానికీ గడ్డికీ మధ్య పరుగుపందేల ట్రాక్ అడ్డం. అందుకని కోచ్ మనోలో మార్కెజ్ మొహంలో ఏముందో ఇక్కణ్ణుంచి కనపడదు. కనపడకపోతేనేం, మూడు వరుసల కింద ఓ కుర్రాడు లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

“సార్, గోవాకు పో సార్!”

“ఏయ్, ఎవర్ని పొమ్మంటున్నవ్ రా?” పై మెట్ల మీంచి ఇంకో గొంతు. “కప్పు తెచ్చినాయన ఆయన!”

“హైదరాబాద్‌కు తెచ్చిండు. ఇండియాకేం తెచ్చిండు?”

పైనున్నాయన దగ్గర జవాబు లేదు. మెడలో ఉన్న పసుపు మఫ్లర్ సర్దుకున్నాడు. దాని అంచు దారాలు లేచిపోయి ఉంది. ఆ పసుపు హైదరాబాద్ ఎఫ్‌సీది.

వేరే ఊళ్ళో అయితే ఈ గొడవ ఇంత చిక్కుగా ఉండదు. నెగ్గని కోచ్‌ని తిట్టి ఇంటికి పోతారు. ఇక్కడ అలా కుదరదు. 2020లో ఎవరికీ పెద్దగా తెలియని ఈ స్పెయిన్ మాస్టారు మన క్లబ్‌కు వచ్చాడు. కరోనా వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఆడించారు కాబట్టి ఊరు ఆయన్ని టీవీలోనే చూసింది. 2022 మార్చి 20న ఫతోర్దాలో ఐఎస్ఎల్ ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం నిండా పసుపే, కానీ ఆ పసుపు వాళ్ళది. తమాషా ఏమిటంటే ఆ రోజు కాగితం మీద హోం టీం హైదరాబాద్ కాబట్టి పసుపు జెర్సీ మనకొచ్చింది, కేరళ నలుపు వేసుకుంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఈ ఊరికి ఫుట్‌బాల్‌లో అంత సంబరం మళ్ళీ రాలేదు. అదే మనిషి ఇప్పుడు ఇండియా కోచ్‌గా ఇదే గడ్డ మీద ఒక్క మ్యాచ్ గెలవలేక నిలబడ్డాడు. సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, ఇవాళ ఇది.

గేటు దాటి పాత ముంబై రోడ్డు మీదికి వచ్చాం. ఆటోవాళ్ళు నోటికొచ్చిన రేటు చెబుతున్నారు. మఫ్లర్ ఆయన ముందు నడుస్తున్నాడు, వెనకే “గోవాకు పో” కుర్రాడు. మెట్ల మీద తిట్టుకున్నవాళ్ళు రోడ్డు మీద చాయ్‌కి పోవడం మన దగ్గర కొత్తేం కాదు. వాళ్ళ వెనక మనమూ ఇరానీ హోటల్లోకి దూరి, రాతి బల్ల చుట్టూ సర్దుకున్నాం. మఫ్లర్ ఆయన బార్కస్ నుంచి వచ్చాడు, అందరికీ చాచా. కుర్రాడిది మియాపూర్, సాఫ్ట్‌వేర్. పక్కన బ్లాస్టర్స్ అభిమాని ఒకడు, కొచ్చి వాడు, ఇక్కడ ఏడేళ్ళుగా ఉద్యోగం. గోడ పక్క కుర్చీలో కాకినాడ మేడం, ఓ స్కూల్లో పీఈటీ.

చాయ్ రాకముందే కుర్రాడు మైదానం పరిచేశాడు. సాసర్ గోల్ పోస్టు. దాని ముందు నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, మన డిఫెన్స్. అగ్గిపెట్టె మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్. పది రూపాయల బిళ్ళ బంతి.

“ఇగో చూడు చాచా, పంతొమ్మిదో నిమిషం. వాళ్ళు వెనకనుంచి లాంగ్ బాల్ ఏసిండ్రు.” బిళ్ళ బల్ల మీద జారింది. “మనోడు బాక్స్ ఇడిసి ఉరికొచ్చిండు.” అగ్గిపెట్టె బిస్కెట్లు దాటి ముందుకొచ్చేసింది. “వాళ్ళ పాలో జోసూ బంతిని పక్కకు తీసుకపోయిండు. ఎనక ఎవడున్నడు? ఎవడు లేడు.” బిళ్ళ మెల్లగా దొర్లి సాసర్‌కు తగిలి టంగుమంది.

“అది గోల్‌కీపర్ తప్పు బేటా. కోచ్ గేటు కాడ నిలబడ్తడా?”

“ఒక్క మ్యాచ్ అయితే నేను గూడ అనకపోదు. నాలుగు మ్యాచులాయె, ఒక్కటి గెలవలే. కొట్టినయి రెండే గోల్స్. ఈ ఏడాది మొత్తం తీస్కో. జనవరి ఆసియా కప్ కాడ్నుంచి ఇయ్యాల్టి దాంక పదకొండు ఆడితే ఆరు ఓడినం, అయిదు డ్రా. గెలుపు సున్నా. కడపటి గెలుపు పోయిన నవంబర్ల, కువైట్‌ల.”

“అందులో ఏడు పాత కోచ్ స్టిమాచ్ లెక్కలోవి,” అన్నాడు కొచ్చి అబ్బాయి. వాడి తెలుగు పుస్తకంలో నేర్చుకున్నంత శుభ్రంగా ఉంటుంది. “ఆయనకు 2026 దాకా కాంట్రాక్ట్ రాసిచ్చారు. జూన్‌లో ఖతార్‌తో ఓడిపోగానే తీసేశారు. చివరికి నాలుగు లక్షల డాలర్లు ఇచ్చి ఒప్పించుకున్నారు. మన డబ్బులో మూడు కోట్లు దాటుతుంది. ఇప్పుడు మనోలోని కూడా పంపితే ఇంకో మూడు కోట్లా?”

చాయ్ వచ్చింది. కుర్రాడు సాసర్‌లో పోసుకోవడంతో గోల్ పోస్టు మాయమైంది. చాచా ఒక డిఫెండర్‌ని చాయ్‌లో ముంచి తినేశాడు.

“మా అబ్బా చెప్తుండె,” అంటూ మొదలుపెట్టాడు. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ మాట వస్తే ఎటు తిరిగినా చివరికి రహీం సాబ్ దగ్గరికే వస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ మాస్టారు, 1951లోనూ 1962లోనూ ఇండియాకు ఆసియా క్రీడల బంగారం తెచ్చిపెట్టిన కోచ్. “జకార్తాల మొదటి మ్యాచ్ ఎవరితోని? కొరియాతోని. రెండు సున్నాతోని ఓడిండ్రు. నీలాంటోడు ఆ దినం ఉంటే ‘రహీం సాబ్, హైదరాబాద్‌కు పో’ అంటుండె. ఆఖర్ల అదే కొరియా మీద ఫైనల్ గెలిచిండ్రు, రెండు ఒకటి!”

“అప్పుడు ముందట పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ బలరాం ఉండిరి చాచా. ఇప్పుడు ఎవరున్నరు?”

“గదే కదా నేననేది! లేనోళ్ళను కోచ్ యాడికెల్లి తెస్తడు?”

కుర్రాడు నోరు తెరిచి మూశాడు. తన వాదనతో తనే అవతలి పక్షంలో పడ్డాడు.

“రెండు ఉద్యోగాల సంగతి మాట్లాడరేం?” అన్నాడు కొచ్చి అబ్బాయి. “అసలు జబ్బు అది. జూలైలో ఇండియా కోచ్‌గా తీసుకున్నారు, ఈ సీజన్ అయ్యేదాకా గోవా క్లబ్‌ని కూడా చూసుకోమన్నారు. రేపు గోవా మ్యాచ్ ఉంటే ఇవాళ ఆయన ఆలోచన ఎక్కడుంటుంది?”

చాచా నవ్వాడు. ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. “రహీం సాబ్ గూడ హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకు కోచే, ఇండియాకు గూడ కోచే. ఒకటే టైముల.”

బల్ల దగ్గర మాట ఆగింది. ఇది నాకూ తట్టని సంగతి. కానీ నిలబడే పోలిక కాదు. ఆ రోజుల్లో రహీం సాబ్ దగ్గర సాధన చేసిన పోలీస్ టీం కుర్రాళ్ళు కొందరు ఇండియా జెర్సీ కూడా వేసుకున్నారు, పొద్దున ఇక్కడ నేర్పింది అక్కడ పనికొచ్చేది. ఇవాళ గోవాలో మనోలో నేర్పింది గోవాకే పనికొస్తుంది. నేషనల్ టీం కుర్రాళ్ళు ఆయన చేతిలో ఉండేది దేశాల మ్యాచుల కోసం క్లబ్బులు వాళ్ళని వదిలిన కొద్ది రోజులే. అక్టోబర్‌లో వియత్నాంలో మూడు దేశాల టోర్నీ అన్నారు, లెబనాన్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ మిగిలింది. ఈ నెలా ఒక్కటే.

కాకినాడ మేడం ఇంతసేపూ బిస్కెట్ల వైపే చూస్తోంది. “నాలుగు గోల్సండీ,” అంది. “ఏడాదికి, పదకొండు మ్యాచులకి. ఒకటి ఛెత్రీ పెనాల్టీ, ఆయన జూన్‌లో రిటైరైపోయాడు. ఒకటి ఇవాళ్టిది, బ్రాండన్ కార్నర్ కొడితే డిఫెండర్ రాహుల్ భేకే తలతో వేశాడు. మిగిలినవి ఛాంగ్తే ఒకటి, ఫారుఖ్ ఒకటి. స్ట్రైకర్ అనేవాడు ఎక్కడండీ? మీ హైదరాబాద్ కప్పు గెలిచిన సీజన్లో పద్దెనిమిది గోల్స్ కొట్టిందెవరు?”

“ఓగ్బెచే,” అన్నాడు కుర్రాడు నీరసంగా.

“నైజీరియా ఆయన. ఆయనకి ఇండియా జెర్సీ వేయించగలరా? క్లబ్బులన్నీ గోల్ కొట్టే చోట విదేశీయుణ్ణే పెడతాయి. మనవాళ్ళని రెక్కల మీదకి తోసేస్తారు. మా స్కూల్లో బాగా గోల్ కొట్టే పిల్లాడు పెద్దయ్యాక నన్నడిగితే ఏం చెప్పాలండీ? లెఫ్ట్ వింగ్ నేర్చుకోరా అనాలా?”

“అట్లయితే మేడం, మన కప్పు మనోలోది గాదు, ఓగ్బెచేది అంటరా?” చాచాకు కొంచెం రోషం వచ్చింది, మఫ్లర్ మీద చెయ్యి పడింది. “ఫైనల్ల గోల్ కొట్టిన తవోరా మనోడే. ఆపిన కట్టిమణి మనోడే. ఆకాశ్ మిశ్రాను, ఆశిష్ రాయ్‌ని ఎవరు తయారు చేసిండ్రు?”

“తయారు చెయ్యడానికి ఆయనకి రోజులున్నాయండీ, మూడు సీజన్లు. నేనూ అదే అంటున్నాను.”

నా ఓటు మేడం వైపు. మనోలోకి ఇంకో ఏడాది ఇవ్వాలి, అయితే గోవా తాళాలు తీసేసుకుని ఇవ్వాలి. రెండు ఉద్యోగాలకు సంతకం పెట్టింది ఆయనే, అది ఆయన తప్పు. కానీ ఆ కాగితం ముందు పెట్టిన ఫెడరేషన్‌ది అంతకంటే పెద్ద తప్పు. ఈ మాట రాసేనాటికి జరిగింది నాకు తెలుసు కాబట్టి దాచడం ఎందుకు. మార్చిలో ఛెత్రీని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిపించుకుని మాల్దీవుల మీద 3-0 గెలుస్తారు. వారం తిరక్కుండా బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో థాయ్‌లాండ్ చేతిలో, తర్వాత హాంకాంగ్ చేతిలో ఓటమి. మొత్తం ఎనిమిది మ్యాచులకు ఒక్క గెలుపు. 2025 జూలైలో ఇద్దరూ మర్యాదగా విడిపోతారు. అదే సీజన్లో, అదే మనిషి, గోవాకు సూపర్ కప్ గెలిపిస్తాడు, ఫైనల్లో జంషెడ్‌పూర్ మీద 3-0. పొద్దున్నే లేచి కుర్రాళ్ళతో పనిచెయ్యడం ఆయనకు రాదని ఎవడంటాడు?

ఇదంతా ఇంకా ముందుంది. ఇరానీ హోటల్లో ఇప్పుడు పదకొండు కావస్తోంది. కౌంటర్ దగ్గర సేట్ గల్లా లెక్క పెట్టుకుంటూ మన వైపు చూస్తున్నాడు. బిల్లు ఎవరిస్తారనే దాని మీద అసలు గొడవకంటే పెద్ద గొడవ జరిగి, చాచా గెలిచాడు.

“సరే, మనోలో పోయిండనుకో,” అన్నాడు చాచా చిల్లర జేబులో వేసుకుంటూ. “ఎవర్ని తెస్తవ్? మల్ల ఇంకో స్పెయిన్ ఆయననా?”

“ఖాలిద్ జమీల్,” అన్నాడు కొచ్చి అబ్బాయి వెంటనే. “ఐజ్వాల్‌కు ఐ-లీగ్ గెలిపించాడు. ఇప్పుడు జంషెడ్‌పూర్. మన దేశం మనిషి.”

తొమ్మిది నెలల్లో ఆ కుర్చీ నిజంగా ఆయనకే వస్తుంది. సూపర్ కప్ ఫైనల్లో మనోలో చేతిలో ఓడిన కోచ్ ఆయనే. కానీ ఈ రాత్రి అది ఓ అభిమాని నోటి మాట మాత్రమే. అయినా బల్ల చుట్టూ మొహాలు వికసించాయి. కుర్రాడు ఫోన్ బయటికి తీసి ఐజ్వాల్ పాయింట్ల పట్టిక వెతకడం మొదలుపెట్టాడు. మేడం కూడా తలూపింది.

చాచా మఫ్లర్ మెడకు ఇంకో చుట్టు చుట్టుకుని లేచాడు. “అచ్ఛా. ఖాలిద్‌కు ఎన్ని దినాలిస్తవ్ బేటా?”

కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. “ముందుగాల నాలుగు మ్యాచులు చూద్దం చాచా.”